విద్యార్థుల చరిత్ర వెబ్‌సైట్లు – మూల్యాంకనం: ఒక విచారణ

గడచిన విద్యాసంవత్సరంలో ఒక కళాశాలవారు తమ చరిత్ర విద్యార్థులు నిర్మించిన వెబ్‌సైట్లకు మార్కులు వేయడానికి రెండవ పరీక్షకునిగా నన్ను పిలిచారు. పాఠశాలలో కంఠస్థం చేసి చదువుకొన్నవానికి ఈ పని యేమిటని మిత్రులు నవ్వారు. విషయం స్వగ్రామ చరిత్ర. విద్యార్థులలో గన్నవరం పరిసరాలవారే అధికులు. పేజీలు తెరిచి చూపడానికి మా మనుమడు తోడున్నాడు. తక్కిన పని నాకు కొత్తగా తోచలేదు.

కొత్తగా తోచినది మార్కుల పట్టిక. అందులో సగానికి పైగా రూపకల్పనకు, చిత్రాలకు కేటాయించారు. ఆకరాలకు ప్రత్యేకించి ఒక్క మార్కు లేదు.

ఫలితం ఎట్లున్నదో చెప్పుతాను. మిక్కిలి శోభాయమానమైన ఒక సైటులో గన్నవరానికి కాటన్ దొర కాలంనాటి అక్విడెక్టు ఉన్నదని సచిత్రంగా వర్ణించారు. ఆ కట్టడం మన గన్నవరంలో లేదు, కోనసీమలోని పి.గన్నవరంలో, గోదావరి పాయ అయిన వైనతేయ మీద ఉన్నది. వేరొక సైటు ఆముక్తమాల్యదకు కారణమైన రాయలవారి స్వప్నవృత్తాంతాన్ని చెప్పుతూ, ఘంటసాల సమీపంలోని శ్రీకాకుళాన్ని ఏకంగా కళింగాంధ్రానికి తరలించింది. ఆంధ్రవిష్ణువు కృష్ణాతీరం విడిచి వెళ్లినట్లు ఆయనకైనా తెలుసునో లేదో! నామసామ్యం వల్ల కలిగిన ఈ భ్రాంతులు ఒక్క మూలగ్రంథాన్ని తెరిచి చూస్తే తొలగేవి. అయినా ఈ రెంటికీ మొదటి పరీక్షకులు ఉత్తమ శ్రేణి ఇచ్చారు. దోషమంతా విద్యార్థులదే అనను. మనం అడగనిదానిని వారు చూపరు.

అన్నిటికన్న తక్కువ మార్కులు ఒక బాలిక సైటుకు వచ్చాయి. రంగులు లేవు, కదిలే బొమ్మలు లేవు. తమ ఊరి శివాలయంలో సగం నేలలో కూరుకొన్న రాతి మీది శాసనాన్ని పంక్తి పంక్తిగా ఎక్కించింది. శిథిలాక్షరాలకు చుక్కలు పెట్టింది. ఊహించి పూరించిన అక్షరాలను కుండలీకరణంలో చూపింది. అయిదవ పంక్తి తనకు పోలలేదని వ్రాసింది. “విషయం అసంపూర్ణం, ఖాళీలు అధికం” అని పట్టికలో వ్యాఖ్య! శాసనపాఠాన్ని పరిష్కరించే ప్రతి పండితుడు చేసే పనినే ఆమె చేసింది. బెజవాడ యుద్ధమల్లుని శాసనం 9వ శతాబ్ది చివరిదా, 10వ శతాబ్ది పూర్వార్ధానిదా అన్న వాదం నడిచిందన్నా, దానిని మనమూ పరిశీలించగలుగుతున్నామన్నా, పాఠాన్ని ప్రకటించినవారు కనిపించినది ఏదో, ఊహించినది ఏదో వేరుచేసి చూపినందువల్లనే కదా.

మూలం లేనిది వ్రాయననీ, అపేక్షితం కానిది చెప్పననీ కొలచల మల్లినాథసూరి వ్యాఖ్యానారంభంలో చేసిన ప్రతిజ్ఞ మన కళాశాలలలో అందరికీ తెలిసినదే. మార్కుల పట్టికకు ఆ రెండు నియమాలు చాలునని నా అభిప్రాయం. మొదటిది ఆకరాలను చూస్తుంది. రెండవది అలంకారాల సంగతి చూసుకొంటుంది. విమానాశ్రయపు రంగుల చిత్రం ఊరి పూర్వచరిత్రలో దేనికి అపేక్షితమో విద్యార్థి చెప్పగలిగితే ఉంచవచ్చు.

మూలమంటే అచ్చు పుస్తకమే కానక్కరలేదు. మెకంజీ (1754–1821) కొలువులో కావలి వెంకట బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు సేకరించిన స్థానిక చరిత్రలలో, కైఫీయతులలో కట్టుకథలకు కొదవ లేదు. అయినా ఆ మాట ఏ గ్రామానిదో తెలుస్తున్నది గనుక నేటి పరిశోధకుడు దానిని తూచి వాడుకొంటున్నాడు. ఊరి పెద్ద చెప్పిన కథను “పెద్దలు చెప్పినది” అని వ్రాయడం దోషం కాదు. దానిని సిద్ధాంతంగా వ్రాయడమే దోషం.

విజయవాడ ఆంధ్ర లయోలా కళాశాలలో 2010ల నడుమ విద్యార్థులచేత తెలుగు వికీపీడియాలో వ్రాయించే ప్రయత్నం జరిగింది. అక్కడ మూలం చూపని వాక్యాన్ని ఎవరో అపరిచితుడు వచ్చి ప్రశ్నించవచ్చు, తొలగించనూ వచ్చు. తరగతి కోసం కట్టిన సైటును ప్రశ్నించేవారు లేరు. ఆ అపరిచితుని స్థానంలో అధ్యాపకుడే నిలవాలి.

ఎట్లు నిలవడమంటే, మిథిలలో శలాకాపరీక్ష ఉండేదని పెద్దలు చెప్పేవారు. గ్రంథంలో సూది గుచ్చి, అది ఆగిన పత్రానికి అర్థం చెప్పమనేవారట. సైటుకూ అదే చేయవచ్చు. ఏదో ఒక వాక్యం మీద వేలు పెట్టి “ఇది నీకెట్లు తెలిసింది?” అని ముఖాముఖి అడిగితే చాలును. యంత్రంచేత వ్రాయించిన వాక్యాలు విరివిగా వస్తున్న ఈ కాలంలో ఇంతకన్న సులభోపాయం నాకు తోచడం లేదు. విద్యార్థికి అయిదు నిమిషాలు పట్టవచ్చు. అరవైమంది ఉన్న తరగతిలో అది అధ్యాపకునికి భారమే, కాదనను.

మరొక మాట. ఏటేటా రుసుము కట్టకపోతే చాలా సైట్లు మాయమవుతాయట. ప్రతిదానికీ ఒక కాగితపు ప్రతి తీసి కళాశాల గ్రంథాలయంలో ఉంచాలి.

ఆ బాలికను పిలిచి మూడు చోట్ల శలాక గుచ్చాను. మూడింటికీ తడబడకుండా సమాధానం చెప్పింది. నేను వేసిన మార్కులకూ మొదటివారి మార్కులకూ సగటు తీసి కార్యాలయంవారు ఫలితం ప్రకటించారు. నడిమి శ్రేణి వచ్చింది. వానలు వెలిసి, రాతి చుట్టూ మట్టి తీయించిన తరువాత అయిదవ పంక్తికి మరల నకలు తీస్తానని చెప్పి వెళ్లింది.