ఆరువందల గజాల లోపల ఎండ కాయదా?

గడచిన వైశాఖంలో ఒక గృహప్రవేశానికి వెళ్ళవలసి వచ్చింది. హసన్‌పర్తి దాటి మరికొంత దూరం. నిన్నమొన్నటిదాకా మక్కజొన్న పండిన చెలకలో హద్దురాళ్ళు పాతి, మొరం రోడ్లు పోసి, ముందర ఒక కమాను నిలబెట్టారు. కమానుకు ఇంగ్లీషు పేరు. రెండువందల గజాల స్థలంలో రెండంతస్తుల ఇల్లు. చుట్టాలు వెళ్ళిపోయాక ఇంటాయన, నాకంటె పదేళ్ళు చిన్నవాడు, నా చేయి పట్టుకొని గదిగదికీ తిప్పి చూపించాడు.

"నాలుగు ఏసీలన్నా, నాలుగూ ఫైవ్‌స్టారే. లైట్లన్నీ ఎల్‌ఈడీ. ఫ్యాన్లు సుత బీఎల్‌డీసీవే. కరెంటు ఆదా జేసేటియే సూసి సూసి కొన్న."

మేడమీది నైరుతి గదిలో ఏసీ నడుస్తూనే ఉన్నది. అతని మాట వింటూ పడమటి గోడకు చేయి ఆన్చి, వెంటనే తీసేశాను. అప్పటికి పొద్దు గూకి అరగంట.

ఆ మిత్రుణ్ణి నొప్పించడం నా ఉద్దేశం కాదు. సరిగ్గా అటువంటి ఇంటినే నేను 2011లో ధర్మసాగరం దారిలో కట్టాను. అందుచేత ఈ టపాలోని నిష్ఠూరాలన్నీ మొదట నాకే చెందుతాయి. కానీ చెప్పక తప్పదు. ఊరి బయట ఇల్లు కట్టుకొని, అందులో నక్షత్రాల యంత్రాలు పెట్టుకొని, మనం ఇంధనం పొదుపు చేస్తున్నామనుకోవడం ఆత్మవంచన. ఇంటి ఖర్చు మీటరు దగ్గర మొదలు కాదు. స్థలం కొన్ననాడే, అది ఊరికి ఎంత దూరమో, దాని నెత్తిన నీడ ఉన్నదో లేదో అన్నదానితోనే పెద్దభాగం తేలిపోతుంది. ఆ తరువాత మనం చేసేదంతా చిల్లర లెక్క.

చిల్లర అని ఊరికే అనలేదు. పాత ఫ్యాను 75 వాట్లు లాగుతుంది, కొత్తరకం 30. అయిదు ఫ్యాన్లు, రోజుకు పది గంటలు తిరిగితే ఆదా రెండుంబావు యూనిట్లు. మంచిదే. ఇప్పుడు గేటు ముందర నిలిపిన కారు సంగతి చూద్దాం. లీటరు పెట్రోలులో ఉన్న శక్తి సుమారు తొమ్మిది యూనిట్లు. మా కాలనీ నుంచి నా కొలువుకు పదిహేను కిలోమీటర్లు, రానుపోను ముప్ఫై. ఊళ్ళో నా కారు లీటరుకు పదిహేనిస్తుంది. అంటే రోజుకు రెండు లీటర్లు, పద్దెనిమిది యూనిట్లు. ఎనిమిది రోజులపాటు అయిదు ఫ్యాన్లు కూడబెట్టినదాన్ని నేను ఒక్కరోజులో రోడ్డుమీద పారబోసి వస్తున్నాను. నెలకు పాతిక రోజులు తిరిగితే 450 యూనిట్లు.

వేడి యూనిట్లను, కరెంటు యూనిట్లను ఒకే గాటన కట్టకూడదని విజ్ఞులు అభ్యంతరం చెబుతారు. న్యాయమే. మన భూపాలపల్లి దగ్గర చెల్పూరులోని థర్మల్ కేంద్రంలో కూడా మూడు పాళ్ళ బొగ్గు వేడికి దరిదాపుగా ఒక పాలే కరెంటుగా తేలుతుంది. ఆ లెక్కన నా పెట్రోలును మూడోవంతు చేసినా నెలకు 150 యూనిట్లు. ఈ 150 యూనిట్లు ఏ బిల్లులోనూ కనబడవు. వాటికి నక్షత్రాలు లేవు. ఇంట్లో ఎవరైనా లైటు ఆర్పకుండా బయటికి వస్తే మాత్రం నేను కేకలు వేస్తాను.

మోటారుసైకిలు వాడేవారికి ఈ పాపంలో మూడోవంతు కన్న తక్కువే. కరెంటు స్కూటరైతే ముప్ఫై కిలోమీటర్లకు ఒక యూనిట్ చాలు. వారిని నేనేమీ అనను. అయితే, ఎండాకాలం మిట్టమధ్యాహ్నం ఆ దారిన రెండుచక్రాలమీద పోయివచ్చినవారెవరూ మరుసటేడు కారు కొనకుండా ఉండడం నేను చూడలేదు.

ఇక ఇంటి సంగతి. రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే ఊరు మనది. మేనెలలో 44 డిగ్రీలు దాటితే వార్త కూడా కాదు. ఇటువంటి చోట పొలం నడుమ, చెట్టన్నది లేకుండా, నాలుగు గోడలూ నాలుగు దిక్కులా ఎండకు ఒప్పజెప్పి, పైన అయిదంగుళాల స్లాబు పరిచి దాన్ని స్వేచ్ఛ అంటున్నాము. ఇండిపెండెంట్ ఇల్లు కదా! స్లాబు పగలంతా ఎండను తాగుతుంది. తాగినదాన్ని రాత్రి పన్నెండు దాకా మన మంచాలమీద కక్కుతుంది.

వాస్తు మాట ఎత్తితే తగాదా వస్తుందని తెలుసు, అయినా ఒక్క మాట. పెద్ద పడకగది నైరుతిలోనే ఉండాలంటారు. దక్షిణం, పడమర ఖాళీ తక్కువ వదలాలంటారు. నాలుగు మూలల్లో సాయంకాలపు ఎండకు ఎక్కువగా ఎదురొడ్డేది ఆ మూలే. ఖాళీ జాగా లేదు కనుక అక్కడ చెట్టుకు చోటుండదు. ఇంటిల్లిపాదిలోనూ ఎక్కువ కరెంటు తాగే ఏసీ ఆ గదిదే అయివుంటుంది. కావలసినవారు తమ ఇళ్ళలో చూసుకోవచ్చు. నైరుతిలో బరువుండాలనే శాస్త్రం ప్రకారమే అక్కడ మెట్లో, నీళ్ళ ట్యాంకో, సామాను గదో పెట్టి గోడను కాపాడుకోవచ్చునని ఒక్క మేస్త్రీ చెప్పడు. అందరి బుర్రా ఎలివేషన్ మీదే. పడమటి ముఖానికి నిలువెత్తు అద్దం బిగించిన ఇళ్ళు కూడా నేను చూశాను. రామప్ప శిఖరంలో నీటిమీద తేలే ఇటుకలు వాడారని పిల్లలకు గర్వంగా చెప్పుకుంటాము, 2021లో యునెస్కో గుర్తింపు వస్తే పండుగ చేసుకున్నాము. బరువు తగ్గించడానికి వాడిన ఇటుకలవి, ఎండ కోసం కాదు. అయినా లోపల గాలి నిండిన ఇటుక వేడిని సులభంగా పోనివ్వదు. అటువంటి తేలిక దిమ్మెలు ఇప్పుడు అంగట్లోనే దొరుకుతున్నాయి. అడిగేవాడేడీ?

ప్రభుత్వం ఏం చేస్తున్నదంటారా? చేసింది. నా అసలు ఫిర్యాదు అక్కడే. కేంద్ర విద్యుత్ శాఖ 2018 డిసెంబరులో నివాసగృహాల కోసం ఎకో నివాస్ సంహిత అనే నియమావళి తెచ్చింది. పైకప్పు గుండా దిగే వేడికి హద్దు పెట్టింది: లోపలికీ బయటికీ ఉన్న ఒక్కొక్క డిగ్రీ తేడాకు చదరపు మీటరుకు 1.2 వాట్లు మించరాదు. ఏ కాపుదలా లేని మన మామూలు స్లాబు దానికి దాదాపు మూడు రెట్లు దింపుతుంది. చక్కని నియమం. కానీ అది వర్తించేది 500 చదరపు మీటర్లు, అంటే సుమారు ఆరువందల గజాలు, అంతకు పైబడిన స్థలాలకు. తరువాత 2023లో తెలంగాణ ప్రభుత్వం చల్లని పైకప్పుల విధానం ప్రకటించింది. దేశంలో ఇతరులకు ఆదర్శమన్నారు. ఇళ్ళ విషయంలో అది తప్పనిసరి అయ్యేది ఎప్పుడు? ఆరువందల గజాలు, ఆపైన. నడుమ 2020లో వచ్చిన టీఎస్-బీపాస్ పద్ధతిలో ఆరువందల గజాల దాకా, పది మీటర్ల ఎత్తులోపు ఇంటికి యజమాని స్వీయధ్రువీకరణ మీదనే తక్షణ అనుమతి. రోడ్డు ఎంత, సెట్‌బ్యాకు ఎంత అని అడిగారే గాని కప్పు ఎంత కాలుతుందని అడగలేదు.

అయ్యా, వరంగల్లులో ఆరువందల గజాలలో ఇల్లు కట్టేవాడెవడు? ఉనికిచర్లలోనైనా, మడికొండలోనైనా, భీమారంలోనైనా ప్లాటు అంటే నూటయాభై, రెండువందలు, మహా అయితే మూడువందల గజాలు. కట్టని ఇళ్ళకు కట్టుదిట్టమైన నియమం, కట్టే ఇళ్ళకు శుభాకాంక్షలు! ఆరువందల గజాల లోపల సూర్యుడు రాయితీ ఇస్తాడా?

సౌరఫలకలు పెట్టించుకుంటే సరిపోదా అని నన్ను గదమాయించేవారున్నారు. 2024లో వచ్చిన కేంద్ర పథకం కింద మూడు కిలోవాట్లకు 78 వేల రాయితీ ఉన్నది. రోజుకు పన్నెండు యూనిట్ల దాకా వస్తాయి. ఊరిబయట ఇంటికి తనదంటూ ఒక కప్పు ఉన్నది, అపార్టుమెంటువాడికి అందులో పిసరంత వాటా. ఈ ఒక్క విషయంలో మీరే గెలిచారు, ఒప్పుకుంటున్నాను. ఫలకల నీడ స్లాబును కొంత చల్లబరుస్తుంది కూడా. అయితే ఇల్లు ముందు ఎండను ఆపుకోవాలి, తరువాత మిగిలిన అవసరానికి ఫలకలు. ముందే చిల్లికుండ తెచ్చుకొని, దాన్ని నింపడానికి రెండో బోరు వేయించినట్లు చేస్తే ఎట్లా?

స్లాబుమీద తెల్లసున్నం రెండు పూతలు వేయడానికి ఒక ఏసీ బిల్లంత కూడా కాదు. నేను పదేళ్ళు వేయలేదు. వేశాక, మేడమీది గదిలో తొలిసారిగా కూలరు సరిపోయింది. మన పొడి ఎండకు వానలు పడేదాకా రెండువందల వాట్ల కూలరు, వట్టివేళ్ళ తడకలు చాలు. ఒకటిన్నర టన్నుల ఏసీ, కంప్రెసరు ఆడుతున్నంతసేపూ, దానికి అయిదారు రెట్లు లాగుతుంది.

మా పాత ఇల్లు గిర్మాజీపేటలో ఉన్నది. మూరెడు మందాన డంగుసున్నం గోడలు, గూనపెంకలు, నడుమ వాకిలి. రెండువైపుల గోడలు పక్కిళ్ళ గోడలతో కలిసే ఉంటాయి కనుక వాటికి ఎండ సోకదు. గల్లీ ఇరుకు, పదింటిదాకా ఒక పక్క, మూడయితే మరో పక్క నీడ. ఆ ఇంటిని నేను స్వర్గమని అనను. చెదలు, తేళ్ళు, ఎలుకలు అన్నీ చూశాను. కోతులు పెంకలు పీకి పారేస్తే నేసే మనిషి దొరకక ఒక వానకాలమంతా గిన్నెలు పెట్టి పడుకున్నాము. కానీ అక్కడ కూరగాయలకూ, మందులకూ, గుడికీ అమ్మ కాళ్ళమీద పోయేది. వరంగల్, హన్మకొండ, కాజీపేట ఒకే దారి వెంట దండ గుచ్చినట్లున్న ఊళ్ళు. బస్సుకు ఇంతకన్న అనువైన ఊరు ఉంటుందా! ఆ దారి విడిచి నలుదిక్కులా పొలాలమీద పడ్డాము.

ఔటర్ రింగురోడ్డు వెంట ఇరవైవేల ఎకరాలకు పైగా భూమి సమీకరిస్తామని 2022లో కుడా అంటే, రైతులు తిరగబడి ఆపించుకున్నారు. పంట భూమిమీద మనకున్న ఆశ మాత్రం ఆగలేదు. 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్ళకు బస్సు ఉచితం. మా కాలనీ నుంచి ఆ ఉచిత బస్సు ఆగేచోటికి రెండు కిలోమీటర్లు. ఆటోవాడికి డబ్బులిచ్చి ఉచితంగా పోవాలి. అందుకని అమ్మ ఎక్కడికీ పోదు. మొన్న ఏప్రిల్‌లో ఒక రాత్రి లేచి వరండాలో కూర్చున్నది. ఏమైందమ్మా అంటే, "నెత్తిమీద కుంపటి వెట్టుకొని పన్నట్టున్నది బిడ్డా. నన్ను గిర్మాజీపేటల దించిరా, రెండు నెలలుండొస్త" అన్నది.

దించే ఇల్లు ఎన్నాళ్ళుంటుందో తెలియదు. మామునూరు విమానాశ్రయానికి 2025లో అనుమతి వచ్చిన నాటినుంచి మా తమ్ముడికి ఆ వైపు ప్లాట్ల ధ్యాస పట్టుకున్నది. పాత ఇల్లు అమ్మి అక్కడ రెండు ప్లాట్లు తీసుకుందామంటాడు. "గా మట్టిగోడలల్ల ఏమున్నదన్నా?" అని అడిగాడు. పై లెక్కలన్నీ ఒక కాగితంమీద వేసి వాడికి చూపించాను. ఫ్యాన్ల దగ్గరికి రాగానే ఫోను మోగిందని లేచిపోయాడు. అమ్మకపు కాగితంలో నా సంతకం కోసం ఖాళీ ఉంచారు. పెంకలు నేసే మనిషి కోసం ఈలోపల నేను కరీమాబాదు దాకా తిరిగివచ్చాను, పాతవాడొకాయన వస్తానన్నాడు.

నాతో వాదించదలచిన బ్లాగ్మిత్రులకు స్వాగతం. వచ్చేటప్పుడు కరెంటు బిల్లు ఒక్కటే కాదు, పెట్రోలు బంకు రసీదులు కూడా పట్టుకురండి.