ఆఖరి ఐదు గుండ్లు

1942 ఏప్రిల్ 6న జపాన్ వాళ్లు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేసిన సంగతి మన పెద్దవాళ్లు చెబుతూనే వచ్చారు. ఆ రోజుల్లోనే బంగాళాఖాతంలో వరసపెట్టి మునిగిన సరుకు ఓడల ఊసు మాత్రం ఎవరూ ఎత్తరు. ఓడల్లో యుద్ధనౌకలే లెక్కలోకొస్తాయనుకునే జబ్బు మనకొక్కరికే లేదు. అమెరికాకైతే అది చట్టంలోకే ఎక్కింది.

అదే ఏడాది సెప్టెంబరు 27. కేప్‌టౌన్ నుంచి పారామారిబోకు సరుకు లేకుండా వెళ్తున్న అమెరికా ఓడ 'స్టీఫెన్ హాప్‌కిన్స్'కు దక్షిణ అట్లాంటిక్‌లో, మసక వాతావరణంలో, రెండు జర్మన్ ఓడలు ఎదురుపడ్డాయి. ఒకటి 'స్టియర్'. పైకి సరుకు ఓడ, లోపల ఆరు పెద్ద ఫిరంగులు. రెండోది దానికి తోడు వచ్చిన 'టానెన్‌ఫెల్స్'. హాప్‌కిన్స్ మీద చెప్పుకోదగ్గది వెనకవైపున్న నాలుగంగుళాల ఫిరంగి ఒక్కటే. ఆగమంటే కెప్టెన్ పాల్ బక్ ఆగలేదు.

నేవీ లెఫ్టినెంట్ కెన్నెత్ విల్లెట్ కడుపులో గాయమైనా ఫిరంగి దగ్గర్నుంచి కదల్లేదు. అతని గన్నర్లు ఒక్కొక్కరే కూలిపోయారు. మందుగుండు గది పేలిపోయింది. అప్పుడొచ్చాడు ఎడ్విన్ ఓహారా. పద్దెనిమిదేళ్ల కుర్రాడు. గన్నరు కాదు, ఇంజన్ గదిలో పని నేర్చుకుంటున్న క్యాడెట్. ఫిరంగి దగ్గర మిగిలినవి ఐదే గుండ్లు. అందించడానికొకరు, ఎక్కించడానికొకరు, గురిచూడటానికొకరు ఉండాల్సిన పని అది. ఐదింటినీ తానే ఎక్కించి, తానే పేల్చాడు. ఆ తర్వాత జర్మన్ గుండ్లకు అక్కడే బలైపోయాడు.

హాప్‌కిన్స్ మునిగింది. స్టియర్ కూడా మునిగింది! ఒకే పడవలో బయటపడినవాళ్లలో 15 మంది 31 రోజులకు బ్రెజిల్ తీరం చేరారు. వాళ్లు చెబితేనే ఇదంతా లోకానికి తెలిసింది.

ఓహారా చదివిన మర్చంట్ మెరైన్ అకాడమీ ఒక భవనానికి అతని పేరు పెట్టుకుంది. మంచిదే. నాకు మింగుడుపడనిది వేరే ఉంది. ఒకే ఓడ, ఒకే ఫిరంగి. గన్నర్లు నేవీ వాళ్లు, పక్కన నిలబడి గుండ్లు అందించిన నావికులు కంపెనీ కూలీలు. మాజీ సైనికుల కోసం 1944లో వచ్చిన జీఐ బిల్లు కింద మొదటివాళ్లకు కాలేజీ చదువు, ఇంటి అప్పు. రెండోవాళ్లకు మొండిచెయ్యి. వాళ్లకూ ఇలాంటిదే చేస్తారని ఆశిస్తున్నానని ఆ బిల్లు మీద సంతకం పెడుతూ అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ అన్నాడు, అక్కడితో సరి. సరుకు ఓడల్లో జీతాలు ఎక్కువ కదా అనే వాదనొకటి అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. గుండు దిగేటప్పుడు జీతం పట్టీ చూసి దిగుతుందా?

స్టియర్ కెప్టెన్ గెర్లాక్ అయితే తనతో తలపడింది బాగా ఆయుధాలున్న యుద్ధనౌకేననుకున్నాడు. అమెరికా సరుకు ఓడల మీద పనిచేసినవాళ్లను మాజీ సైనికులుగా ఒప్పుకోవడానికి వాళ్ల సొంత ప్రభుత్వానికి 1988 దాకా పట్టింది. అదీ కొందరు ముసలి నావికులు కోర్టుకెక్కితే. అప్పటికి కాలేజీకి వెళ్లే వయసు ఎవరికి మిగిలింది?