పోగొట్టినవాళ్లే భరించాలి: డేటా లీక్ బాధిత వినియోగదారుల ప్రణాళిక

మేము ఏటేటా ఆరోగ్య బీమా ప్రీమియం కట్టేవాళ్లం, సిమ్ కార్డు కోసం వేలిముద్ర వేసినవాళ్లం, ఇంటి లోను కోసం జీతం స్లిప్పులు, పాన్, ఆధార్ జిరాక్సులు కట్టగట్టి ఇచ్చినవాళ్లం. సరదాకి ఇవ్వలేదు. ఇవ్వకపోతే పని జరగదన్నారు, ఇచ్చాం. ఆ వివరాలు కంపెనీ చేతిలోంచి జారిపోయిన రోజున నష్టం ఎవరిది? ఇప్పటిదాకా మాదే అవుతోంది. ఇకమీదట అలా కుదరదని చెప్పడానికే ఈ ప్రణాళిక.

2024 సెప్టెంబరులో, చెన్నై కేంద్రంగా ఉన్న స్టార్ హెల్త్ బీమా సంస్థ పాలసీదారుల కాగితాలు టెలిగ్రామ్ చాట్‌బాట్లలో దొరుకుతున్నాయని రాయిటర్స్ వార్తాసంస్థ బయటపెట్టింది. పాలసీ పత్రాలు, క్లెయిమ్ కాగితాలు, పరీక్షల రిపోర్టులు అన్నీ అందులో ఉన్నాయి. 3 కోట్ల మందికి పైగా వివరాలు తన దగ్గర ఉన్నాయని అమ్మకానికి పెట్టినవాడు చెప్పుకున్నాడు. సంస్థ మద్రాసు హైకోర్టుకు వెళ్లి టెలిగ్రామ్ మీద, ఆ హ్యాకర్ మీద దావా వేసింది. వేయాల్సిందే. కానీ దావా వేసినంత మాత్రాన పాలసీదారుకు ఒరిగేదేమిటి? పాస్‌వర్డ్ పోతే మార్చుకుంటాం, ఏటీఎం కార్డు పోతే బ్లాక్ చేయిస్తాం. బయాప్సీ రిపోర్టును ఏం పెట్టి మార్చుకోవాలి? సంబంధాలు చూస్తున్న ఆడపిల్ల ఇంట్లో, ఉద్యోగం వెతుక్కుంటున్న కుర్రాడి విషయంలో, ఒక్క మానసిక వైద్యుడి చీటీ ఎంత దూరం వెళ్తుందో మన ఊళ్లలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. ఇలాంటి నష్టానికి రూపాయల్లో లెక్క తేలదు గనుక నష్టమే లేదనే వాదనను మేము ఒప్పుకోం.

హైదరాబాద్ సంగతే చూడండి. 2023 మార్చిలో సైబరాబాద్ పోలీసులు 16.8 కోట్ల మంది వివరాలు అమ్ముతున్న ముఠాను పట్టుకున్నారు. కొద్ది రోజులకే ఫరీదాబాద్‌కు చెందిన మరో వ్యక్తి దొరికాడు. అతని దగ్గర 66.9 కోట్ల మంది వ్యక్తులు, సంస్థల వివరాలున్నాయని ప్రకటించారు. అంకెలు చూసి అందరం నోళ్లు వెళ్లబెట్టాం. ఆ జాబితాల్లో తన పేరు ఉందో లేదో చూసుకునే దారి మాత్రం మామూలు మనిషికి లేకపోయింది.

అందుకే మా మొదటి డిమాండ్: ముందు మాకు చెప్పండి. సైబర్ దాడి జరిగితే 6 గంటల్లోగా తనకు తెలపాలని కేంద్ర సంస్థ సెర్ట్-ఇన్ 2022లోనే ఆదేశించింది. అది ప్రభుత్వానికి చెప్పడం. బాధితులకు చెప్పాలన్న బాధ్యత 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టంలో ఉంది. 2025 నవంబరులో నియమాలు నోటిఫై చేస్తూ ఆ భాగం అమలుకు 18 నెలల గడువిచ్చారు. అదే చట్టం సమాచార హక్కు చట్టానికి చేసిన సవరణ మాత్రం అప్పటికప్పుడే అమల్లోకి వచ్చింది. పౌరుడు అడిగే సమాచారానికి గొళ్లెం వెంటనే పడింది. కంపెనీ నోరు విప్పడానికి ఏడాదిన్నర తీరుబడి దొరికింది. ఈ వరస మాకు సమ్మతం కాదు. దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగినట్టు కాకుండా, లీక్ సంగతి తెలిసిన 72 గంటల్లోగా ఏ వివరాలు పోయాయో, ఎప్పటి నుంచి పోతున్నాయో, ఇప్పుడు ఏం చేయాలో, ఏ నంబరుకు ఫోన్ చేస్తే మనిషి మాట్లాడతాడో తెలుగులో చెప్పాలి. పాలసీ అమ్మేటప్పుడు తెలుగు బాగానే వస్తుంది కదా.

నిరూపించే భారం మా మీద వేయొద్దు. నా డబ్బు పోయింది మీ లీక్ వల్లేనని ఏలూరులోనో నిజామాబాద్‌లోనో ఉన్న ఒక రిటైర్డ్ టీచరు ఎలా రుజువు చేస్తారు? సర్వర్ లాగ్‌లు ఆమె దగ్గర ఉండవు. ఇది గొంతెమ్మ కోరిక కాదు. అనధికార ఎలక్ట్రానిక్ లావాదేవీల్లో ఖాతాదారుదే తప్పని నిరూపించాల్సిన బాధ్యత బ్యాంకుదేనని రిజర్వ్ బ్యాంక్ 2017 జులై సర్క్యులర్‌లో స్పష్టంగా రాసింది. తప్పు బ్యాంకుదీ ఖాతాదారుదీ కాక వ్యవస్థలో ఇంకెక్కడో ఉంటే, 3 పనిదినాల్లో ఫిర్యాదు చేసినవారికి నష్టం సున్నా అని కూడా అందులో ఉంది. బ్యాంకులకు వర్తించిన న్యాయం బీమా, టెలికం, ఆస్పత్రి, షాపింగ్ కంపెనీలకు ఎందుకు వర్తించదు?

ఇక డబ్బు సంగతి. కొత్త చట్టంలో తగిన భద్రత పాటించని సంస్థకు 250 కోట్ల రూపాయల దాకా జరిమానా ఉంది. వినడానికి ఘనంగానే ఉంది గానీ, ఆ సొమ్ము చేరేది భారత సంచిత నిధికి. బాధితుడికి ఒక్క రూపాయి రాదు. పైగా, నిర్లక్ష్యంగా డేటా పోగొట్టిన సంస్థ నష్టపోయినవాడికి పరిహారం చెల్లించాలన్న ఐటీ చట్టం 43ఏ సెక్షన్‌ను ఇదే చట్టం తీసిపారేస్తోంది. పరిహారానికి నేరుగా ఉన్న దారి మూసి, దాన్ని పరిరక్షణ అనమంటే మేము అనం. 43ఏని ఉంచాలి, లేదా జరిమానాలో నిర్ణీత వాటా బాధితుల నిధికి వెళ్లాలి.

పరిహారం పేరుతో చిల్లర విదిలించినా ఊరుకోం. అమెరికాలో 2017లో ఈక్విఫాక్స్ అనే క్రెడిట్ బ్యూరో దాదాపు 14.7 కోట్ల మంది వివరాలు పోగొట్టింది. సాఫ్ట్‌వేర్ లోపాన్ని సరిచేసే ప్యాచ్ మార్చిలోనే వచ్చినా వేసుకోలేదు. జులై చివర్లో లీక్ కనిపెట్టి, సెప్టెంబరులో జనానికి చెప్పింది. అంత నిర్వాకం చేశాక, దాని మాజీ సీఈఓ ఆ దేశ కాంగ్రెస్ ముందు కూర్చుని, ప్యాచ్ సంగతి ముందుకు చేరవేయని ఒక ఉద్యోగిని కారణంగా చూపాడు. చిన్న ఉద్యోగి మెడకు చుట్టి పెద్దలు తప్పించుకోవడం ఏ దేశంలోనైనా ఒకటేలా ఉంటుంది. తర్వాత కుదిరిన ఒప్పందంలో మనిషికి 125 డాలర్ల దాకా అన్నారు. అడిగినవాళ్లు ఎక్కువై, చాలామందికి అందింది అందులో కొద్దిపాటే. అక్కడ నిజంగా పనికొచ్చింది ఇంకొకటి: ఎవరైనా సరే తన క్రెడిట్ ఫైలును ఉచితంగా ఫ్రీజ్ చేయించుకునే హక్కు 2018లో చట్టమైంది. మన పేరు మీద ఇంకెవరో లోను తీసుకోకుండా అలాంటి తాళం ఇక్కడ కూడా చట్టబద్ధంగా, ఉచితంగా కావాలి. క్రెడిట్ రిపోర్టులో తప్పు 30 రోజుల్లో దిద్దకపోతే రోజుకు 100 రూపాయలు చెల్లించాలని రిజర్వ్ బ్యాంక్ ఇప్పటికే నిబంధన పెట్టింది. లీక్ దాచిన ప్రతి రోజుకూ, ప్రతి బాధితుడికీ ఇదే లెక్క వేయమంటున్నాం.

అవసరం లేనిది అడగొద్దు, అవసరం తీరాక ఉంచొద్దు. 2018లో తెలంగాణలో రిజిస్ట్రేషన్ దస్తావేజుల మీది వేలిముద్రలకు రబ్బరు నకళ్లు చేసి, వాటితో సిమ్ కార్డులు యాక్టివేట్ చేసిన కేసు గుర్తుందా? ఎవరో దస్తావేజులు అందరికీ కనబడేలా ఉంచారు కాబట్టే అది సాధ్యమైంది. వేలిముద్రకు రీసెట్ బటన్ లేదు.

వినియోగదారుల కమిషన్ మాకు దగ్గరి తలుపు, దాన్ని మూయనివ్వం. నిర్లక్ష్యం వల్ల వివరాలు పోవడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం సేవాలోపమేనన్నది మా వాదన. ఒకే రకంగా నష్టపోయినవాళ్లు కలిసి ఒకే ఫిర్యాదు వేసే వీలు 35వ సెక్షన్ ఇస్తోంది. వాడతాం. ఎవరికైనా డబ్బు పోతే ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయించి, ఆ ఫిర్యాదు నంబరు రాసుకుని, బ్యాంకుకు రాతపూర్వకంగా ఇప్పించే పని సభ్యులం వంతులవారీగా చేస్తాం. వాళ్ల ఓటీపీ గానీ పాస్‌వర్డ్ గానీ మాలో ఎవరూ అడగరు. అడిగినవాడు మావాడు కాడు.

మాతో చేరాలనుకునేవారికి ఒక మాట. సభ్యత్వానికి ఆధార్ అక్కర్లేదు, పుట్టినతేదీ అక్కర్లేదు. పేరు, ఒక ఫోన్ నంబరు చాలు. మానుకుంటామంటే వాటిని వారంలో చెరిపేస్తాం, చెరిపేశామని మీకు రాసి ఇస్తాం. మా దగ్గర నుంచే ఆ నంబర్లు బయటికి పోతే, పైన రాసిన షరతులన్నీ మాకూ వర్తిస్తాయి.