తిరుగుతున్న మీటరుకు ఏం రోగం వచ్చింది?

ఆమధ్య ఒకరోజు పొద్దున పది గంటల వేళ, ఊరంతా చేలల్లో ఉన్నప్పుడు, మా వీధిలోకి ఇద్దరు కుర్రాళ్లు అట్టపెట్టెలు మోసుకుని వచ్చారు. ఇంట్లో మా పెద్దమ్మ ఒక్కతే ఉంది. "పైనుంచి ఆర్డరు వచ్చిందవ్వా, మీటరు మార్చాలి. రూపాయి ఇయ్యక్కర్లేదు" అన్నారు. పెద్దమ్మ గోడకున్న పాత మీటరు వైపు చూసి, "బాగానే తిరుగుతుంది గదా నాయనా, దానికేం రోగం వచ్చింది?" అని అడిగింది. వాళ్ల దగ్గర జవాబు లేదు. "మా వాడొచ్చినాక సాయంత్రం రాండి" అంటే వెళ్లిపోయారు. ఆ సాయంత్రమూ రాలేదు, ఆ తర్వాతా రాలేదు. పక్క వీధిలో అడిగేవాళ్లు లేకపోయారు, అక్కడ మాత్రం నాలుగిళ్లకు కొత్త మీటర్లు బిగించి పోయారు.

పెద్దమ్మ వేసిన ప్రశ్నే ఈ వ్యాసం. మీటరు చెడిపోతే మార్చాలి, దానికెవరూ అడ్డం చెప్పరు. పాత చక్రం మీటర్లలో కొన్ని మెల్లగా తిరుగుతాయన్నదీ నిజమే, దాచుకోవాల్సిన పని లేదు. అలాంటివి పరీక్షించి తీసేయండి. సరిగ్గా తిరిగేదాన్ని ఎందుకు పీకుతున్నట్టు? 2003 విద్యుత్ చట్టం 55వ సెక్షన్ సరైన మీటరు ద్వారానే కరెంటు ఇవ్వాలంటుంది. స్మార్ట్ మీటరు అన్న మాట ఆ సెక్షన్‌లో లేదు. దాన్ని తర్వాత నిబంధనల రూపంలో దొడ్డిదారిన తెచ్చారు. 2021 ఆగస్టులో కేంద్ర విద్యుత్ శాఖ గెజిట్ నోటిఫికేషన్ ఇచ్చింది: కమ్యూనికేషన్ నెట్‌వర్క్ ఉన్న ప్రాంతాల్లో వ్యవసాయ వినియోగదారులు తప్ప మిగిలిన వాళ్లందరికీ ముందుగా డబ్బు కట్టే స్మార్ట్ మీటర్లే ఉండాలని. అదే ఏడాది ఆమోదించిన ఆర్‌డీఎస్‌ఎస్ పథకం మొత్తం 3,03,758 కోట్లు, అందులో లక్ష్యం 25 కోట్ల స్మార్ట్ మీటర్లు.

"రూపాయి ఇయ్యక్కర్లేదు" అన్న మాట సంగతి చూద్దాం. మన లాంటి రాష్ట్రాలకు కేంద్రం ఇచ్చే గ్రాంటు మీటరు ఖర్చులో 15 శాతం, అదీ 900 రూపాయలకు మించదు. మిగతాది మీటరు కంపెనీ పెట్టుబడిగా పెట్టి, డిస్కం నుంచి ఏళ్ల తరబడి నెలనెలా వాయిదాలుగా వసూలు చేసుకుంటుంది. డిస్కం ఆ డబ్బు ఎక్కడినుంచి తెస్తుంది? తన ఆదాయ అవసరాల లెక్కలో చేర్చి నియంత్రణ మండలి ముందు పెడుతుంది, అక్కడినుంచి మన బిల్లులోకి దిగుతుంది. గుమ్మం దగ్గర అడగని రూపాయిని బిల్లులో కలిపి తీసుకోవడాన్ని ఉచితం అనాలట! ఇప్పటికే 2025లో యూనిట్‌కు 40 పైసల సర్దుబాటు మోశాం. 2022-23, 2023-24 సంవత్సరాలకు కలిపి సర్దుబాటు పేరుతో ఆమోదించిన మొత్తం 15 వేల కోట్లు దాటింది. దానిమీద మీటరు వాయిదా కూడానా?

దీనికంటే ప్రమాదమైనది ముందు డబ్బు కట్టే పద్ధతి. ఈరోజు బిల్లు కట్టకపోతే కరెంటు తీయాలంటే చట్టం 56వ సెక్షన్ ప్రకారం 15 రోజుల ముందు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. ఆ పదిహేను రోజుల్లో రైతు తంటాలు పడతాడు, ఎవరినో అడుగుతాడు, పాలకేంద్రం డబ్బులొస్తాయి, కట్టేస్తాడు. ప్రీపెయిడ్ మీటరుకు ఆ ఓపిక లేదు. సెల్‌ఫోన్ బ్యాలెన్సు అయిపోయినట్టు అయిపోతుంది, దీపం ఆరిపోతుంది. మన ఇళ్లకు జీతాలు ఒకటో తారీఖున రావు. కలిగిరి వేలంలో పొగాకు అమ్మితేనో, సంగం కాలువ కింద వరి కోసి తూకం వేస్తేనో, ఉదయగిరి మెట్టలో బత్తాయి కాపు పోతేనో డబ్బు కనపడుతుంది. కోతకు కోతకు మధ్య మనం అప్పుమీదే బతుకుతాం. ఇప్పుడు కరెంటుకీ ముందు డబ్బు పోయాలంటే ఆ అప్పుకు వడ్డీ ఎవరు కడతారు?

మోటార్ల దగ్గరకు వద్దాం. ఎన్.టి. రామారావు హయాంలో హార్స్‌పవర్‌కు ఏడాదికి 50 రూపాయల శ్లాబు వచ్చాక బోరు బావి దగ్గర మీటరు గొడవ పోయింది. 2000 ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో ముగ్గురు ప్రాణాలు ఇచ్చిన చార్జీల వ్యతిరేక పోరాటం తర్వాత, 2004లో ఉచిత విద్యుత్ వచ్చింది. 2020 సెప్టెంబరు 1న ఇచ్చిన 22వ నంబరు జీవో ఈ చరిత్రను వెనక్కి తిప్పబోయింది. మోటారుకు మీటరు పెడతాం, సబ్సిడీ మీ ఖాతాలో వేస్తాం, మీరు డిస్కంకు కట్టండి అన్నారు. అదనపు అప్పు తెచ్చుకోవడానికి కేంద్రం పెట్టిన షరతు అది. ముందు శ్రీకాకుళంలో మొదలుపెట్టారు.

ఖాతాలో సబ్సిడీ సంగతి మనకు తెలియనిదా? గ్యాస్ బండకు కూడా అలాగే చెప్పారు. 2015 జనవరి నుంచి దేశమంతా పూర్తి ధర కట్టించి సబ్సిడీ బ్యాంకులో వేశారు. 2020 మే నుంచి మామూలు కుటుంబాలకు అది దాదాపు ఆగిపోయింది. ఎవరూ రద్దు చేస్తున్నామని ప్రకటించలేదు, ఎవరూ ధర్నా చేసే సందు దొరకలేదు, ఖాతాలో పడటం మానేసింది అంతే. మోటారు దగ్గర మీటరు పెట్టాక ఉచిత విద్యుత్‌కు పట్టే గతి కూడా అదే అన్నది మన సంఘం అప్పటినుంచీ చెబుతున్న మాట.

ఇప్పుడు మూడో సంగతి వస్తోంది. 2022 ఆగస్టు 8న లోక్‌సభలో పెట్టిన విద్యుత్ సవరణ బిల్లు, మళ్లీ 2025 అక్టోబరులో వచ్చిన ముసాయిదా, ఒకే ఊరిలో ఒకే తీగల మీద పలు కంపెనీలు కరెంటు అమ్ముకోవచ్చంటున్నాయి. ఢిల్లీ సరిహద్దుల్లో ఏడాదిపాటు కూర్చున్న రైతులకు, మీతో చర్చించాకే బిల్లు పెడతామని 2021 డిసెంబరులో రాసిచ్చిన ప్రభుత్వమే ఇది చేసింది. ఫోన్ నెట్‌వర్క్ మార్చుకున్నట్టు కంపెనీ మార్చుకోవచ్చు కదా అని మనవాళ్లే కొందరు ముచ్చటపడుతున్నారు. బ్రిటన్‌లో ఆ ముచ్చట ఇప్పటికే తీరింది. అక్కడ ఇంటి గ్యాసుకూ కరెంటుకూ కంపెనీ మార్చుకునే వీలు 1990లలోనే వచ్చింది. మొదటి తరం స్మార్ట్ మీటర్లు పెట్టుకున్న వాళ్లలో చాలామందికి, కంపెనీ మారగానే ఆ మీటరు మూగబోయింది, మళ్లీ చేత్తో రీడింగు రాసుకోవలసి వచ్చింది. పాత గ్యాస్ మీటరు ఉన్నవాడు ఆ మీటరుతోనే హాయిగా కంపెనీ మారాడు. 2021లో ధరలు పెరగ్గానే అక్కడ పాతిక పైగా కంపెనీలు దివాలా తీసి చేతులెత్తేశాయి, ఆ నష్టాన్ని తిప్పి అందరి బిల్లుల్లో వేశారు. లాభమున్న పట్టణాన్ని కంపెనీ తీసుకుంటే, వరికుంటపాడు చివర ఉన్న బోరుకు తీగ లాగేది ఎవరు? నష్టంతో మిగిలిన ప్రభుత్వ డిస్కమే.

ప్రతిఘటన ఫలించదనుకోవద్దు. 2024 మేలో వడోదరలో జనం వీధుల్లోకి వస్తే గుజరాత్‌లోనే వెనక్కి తగ్గారు. ఆ తర్వాతి నెలలో మహారాష్ట్ర మామూలు వినియోగదారులకు ప్రీపెయిడ్ పెట్టబోమంది. కేరళ కంపెనీల పద్ధతినే కాదంది. మన రాష్ట్రంలో ప్రతిపక్షంలో ఉన్నప్పుడు స్మార్ట్ మీటర్లు పగలగొట్టమని పిలుపునిచ్చిన పార్టీ ఇప్పుడు అధికారంలో ఉంది. 2025 జూలైలో విద్యుత్ మంత్రి గొట్టిపాటి రవికుమార్ ప్రజల అంగీకారం లేకుండా ఇళ్లకు పెట్టబోమన్నారు. సంతోషం. కానీ నోటిమాట జీవో కాదు. మంత్రి మాట ఒకటి, వీధిలో అట్టపెట్టెలు ఒకటి అయితే జనం ఏది నమ్మాలి? అంగీకారం తప్పనిసరి అని, పని చేస్తున్న మీటరు ముట్టుకోమని, వ్యవసాయ మోటార్లకు మీటర్లు లేవని రాతపూర్వకంగా ఉత్తర్వు ఇవ్వండి. మన డిమాండు ఇదే.

ఉత్తర్వు వచ్చేదాకా ఊరికే కూర్చోకండి. మీటరు మార్చడానికి వచ్చినవాళ్లను ఉత్తర్వు కాపీ అడగండి. "అంగీకరించడం లేదు" అని సర్వీసు నంబరుతో సహా కాగితం మీద రాసి ఏఈ ఆఫీసులో ఇచ్చి, రసీదు తీసుకోండి. ఖాళీ ఫారం మీద ఎవరూ సంతకం గానీ వేలిముద్ర గానీ పెట్టొద్దు, ముఖ్యంగా ఇంట్లో ఒంటరిగా ఉండే పెద్దవాళ్లకు ఇది చెప్పండి. ఇప్పటికే మార్చేసి ఉంటే, పాత మీటరు ఆఖరి రీడింగు ఎంతో అడిగి రాయించుకోండి. బిల్లు ఎగబాకిందనిపిస్తే ఫిర్యాదు చేయండి. 2024 ఫిబ్రవరిలో సవరించిన వినియోగదారుల హక్కుల నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందిన ఐదు రోజుల్లో పక్కన ఇంకో మీటరు బిగించి, కనీసం మూడు నెలలు రెండు రీడింగులూ పోల్చి చూపాలి. సంగం, ఆత్మకూరు, ఉదయగిరి మండలాల సభ్యులు ఆ ఫిర్యాదు నకలు, మార్పుకు ముందు ఆరు నెలల బిల్లులు, తర్వాతి బిల్లులు మండల సంఘం దగ్గర ఇవ్వండి. అన్నీ ఒకేసారి తీసుకుని డిస్కం దగ్గరికి పోదాం.