ఆ మూత తీయడానికి మగవాళ్ళే రావాలా?

ఈ పేజీలో ఇలాంటి విషయమా అని ముక్కు మూసుకోకండి. వంటింటి గురించి ఎంతో రాశాం, చదివాం. పెరటి మొక్కల గురించీ, పూజగది అలంకరణ గురించీ కూడా రాశాం. పెరట్లోనో, మెట్ల కిందో, ఈమధ్య కడుతున్న ఇళ్ళల్లో పడకగదిని ఆనుకునో ఉండే ఆ నాలుగడుగుల గది గురించి మాత్రం నోరు విప్పం. చెప్పుకోవడానికి నామోషీ. ఆ గదిలో ఫ్లష్ ట్యాంకు సరిగా నిండకపోతే ఇంటిల్లిపాదిలో ఎవరి నడుం విరుగుతోందో గమనించండి, ఈ నామోషీ ఖరీదెంతో తెలుస్తుంది.

ఫ్లష్ నొక్కాక ట్యాంకు మళ్ళీ నిండడానికి ఒకటి రెండు నిమిషాలు, మహా అయితే మూడు నిమిషాలు పట్టాలి. చాలా ఇళ్ళల్లో పావుగంట పడుతోంది. పూర్తిగా చెడిపోయిందనుకోండి, ఆ రోజే మనిషికి ఫోన్ వెళ్తుంది. మెల్లగా నిండుతోందంటే మాత్రం "నిండుతోంది కదా, ఇప్పుడేం తొందర" అనేస్తారు. నెలలు గడిచిపోతాయి. (మన సంసారాల్లో సగం చెడిపోయినవాటి గతి ఎప్పుడూ ఇంతే లెండి.)

ఒకటే టాయిలెట్ ఉన్న ఇంట్లో పొద్దున ఆరున్నర నుంచి ఎనిమిదింటి దాకా ఏం జరుగుతుందో మీకు తెలియంది కాదు. ఆఫీసుకెళ్ళే ఆయన ముందు. స్కూలు బస్సు వచ్చేస్తుందని పిల్లలు తర్వాత. పావుగంటకోసారి నిండే ట్యాంకుతో ఇది తెమలదు కాబట్టి ఒక బకెట్టు నింపి లోపల పెట్టాలి. అది ఖాళీ అయితే మళ్ళీ నింపాలి. ఎవరు నింపుతారు? ఇడ్లీ కుక్కర్ మీద ఒక కన్నూ, బకెట్ మీద ఒక కన్నూ వేసుకుని ఇల్లాలే నింపుతుంది. తన వంతు రాదని అయిదింటికే లేచి ముందే వెళ్ళొచ్చే ఆడవాళ్ళు నాకు చాలామంది తెలుసు. ఒక చిన్న రబ్బరు బిళ్ళ అరిగిపోయినందుకు ఆ ఇంట్లో ఒకరి నిద్రలో గంట తగ్గిపోయిందన్నమాట.

మాది మదనపల్లె. పుట్టిల్లు పుంగనూరు. ఆడపడుచును కుప్పంలో ఇచ్చాం. ఏడాదిలో నాలుగైదుసార్లు ఈ మూడూళ్ళ మధ్య తిరుగుతుంటాను కాబట్టి మూడూళ్ళ ట్యాంకులూ నాకు పరిచయమే. పోయిన వేసవిలో పుంగనూరు వెళ్ళినప్పుడు మా అమ్మ సాయంత్రం అయిదు దాటితే నీళ్ళే ముట్టుకోవడం లేదని కనిపెట్టాను. ఎందుకని అడిగితే మొదట మాట దాటేసింది. గట్టిగా అడిగితే అప్పుడు చెప్పింది. "తాగితే పోవాల గదమ్మా. పోతే బకెట్టు ఎత్తాల. మోకాళ్ళు వంగవు."

ఆమెకు ఏడాదిలో రెండుసార్లు మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చింది. డాక్టరు మందులు రాసి, నీళ్ళు బాగా తాగమని చెప్పి పంపించారు. మందులు తెచ్చి ఇచ్చాం. నీళ్ళు తాగమని అందరం చెప్పాం. తాగిన తర్వాత ఆమె పడే పాట్లు ఏమిటని మాలో ఒక్కరూ ఆ గదిలోకి తొంగి చూడలేదు. మన ఇళ్ళల్లో మోకాళ్ళు అరిగిన పెద్దవాళ్ళు, నెలలు నిండిన కోడళ్ళు, నెలసరిలో ఉన్న ఆడపిల్లలు ఇలా దాహం చంపుకుంటున్నారేమో అడగండి. వాళ్ళంతట వాళ్ళు చెప్పరు.

మా పడమటి మండలాల్లో ఈ బాధ మరీ ఎక్కువ ఉండడానికి కారణం నీళ్ళే. ఇది రాళ్ళ నేల. బోరు వెయ్యి అడుగులు దిగినా ఆశ్చర్యపోం. ఆ లోతు నుంచి వచ్చే నీళ్ళు రాళ్ళలోంచీ మట్టిలోంచీ కాల్షియం, మెగ్నీషియం లవణాలను కరిగించుకుని వస్తాయి. హీటరు కాయిల్ మీద పేరుకునే తెల్లటి పెచ్చు, స్టీలు గ్లాసు మీద ఎంత తోమినా పోని మసక, రెండూ అవే. ఫ్లష్ ట్యాంకులోకి నీళ్ళు వచ్చే వాల్వులో ఉండే రంధ్రం బియ్యపు గింజ దూరేంత ఉంటుంది. దానికి ముందు దోమతెర ముక్కంత జాలీ ఒకటి. బోరు ఇసుక, పైపు లోపలి నాచు, ఈ సున్నం, అన్నీ వచ్చి అక్కడే పట్టుకుంటాయి. శ్రీశైలం వెనక నీళ్ళను దశలు దశలుగా ఎత్తిపోసి, హంద్రీ నీవా కాలువలో వందల కిలోమీటర్లు నడిపించి, 2025 ఆగస్టులో కుప్పం బ్రాంచి కాలువ చివరి చెరువుల దాకా తెచ్చారు. సంతోషమే. మన ఇంట్లో మాత్రం నీళ్ళు ఆఖరి అంగుళం దగ్గర ఆగిపోతున్నాయి.

మరి ఆ ఆఖరి అంగుళం చూడడానికి మనిషి దొరుకుతాడా? ట్యాప్ వాషరు, ఫ్లష్ వాల్వు లాంటి చిన్న పనికి ప్లంబర్లు రారు. వాళ్ళను తప్పు పట్టలేం. కుప్పంలో పని తెలిసిన కుర్రాళ్ళు పొద్దున్నే రైలెక్కి బెంగుళూరు వెళ్ళిపోతారు, అక్కడ కూలి ఎక్కువ. పదిసార్లు ఫోన్ చేస్తే ఆదివారం సాయంత్రం ఎవరో ఒకరు వస్తారు. మా ఇంటికి వచ్చినతను నన్ను చూడగానే అడిగిన మొదటి మాట, "సార్ లేరా?" ట్యాంకు వాడేది నేను, తుడిచేది నేను, అది ఎన్ని నిమిషాలకు నిండుతోందో గడియారం పెట్టి చూసింది నేను. అయినా రోగం చెప్పుకోవడానికి సార్ రావాలి. మూత అయినా ఎత్తకుండా "సెట్టంతా మార్చాలమ్మా, పాతదై పోయింది. ట్యాంకే మార్చేస్తే ఇంకా మంచిది" అన్నాడు. ఆలోచించి చెప్తానని పంపించేసి, ఆ మధ్యాహ్నం నేనే మూత తీశాను.

లోపల చూస్తే నాకు నవ్వొచ్చింది. ఇంత భయపెట్టే వస్తువులో ఉన్నది ఒక బంతి. నీళ్ళు పెరిగే కొద్దీ బంతి పైకి తేలుతుంది, దాని కడ్డీ ఒక రబ్బరు బిళ్ళను రంధ్రానికి అదిమి నీళ్ళను ఆపుతుంది. ఇప్పటివాటిల్లో బంతి బదులు గ్లాసు లాంటి ఫ్లోట్ నిలువు గొట్టం మీద పైకీ కిందికీ జరుగుతుంది, అంతే తేడా. ఆర్కిమెడిస్ సూత్రం కంఠతా పట్టి డిగ్రీలో మార్కులు తెచ్చుకున్నవాళ్ళం మనం. ఆ సూత్రం మన టాయిలెట్లోనే తేలుతుంటే చూడడానికి మనకు అనుమతి లేనట్టు దూరంగా నిలబడతాం.

చేయాల్సింది ఇది. ట్యాంకు కింద గోడలో ఉండే చిన్న కుళాయిని యాంగిల్ కాక్ అంటారు. ముందు అది పూర్తిగా తెరిచి ఉందో లేదో చూడండి. ఎప్పుడో ఎవరో సగం తిప్పి మర్చిపోయి ఉంటే అక్కడితో మీ పని అయిపోయినట్టే. తెరిచే ఉంటే దాన్ని కట్టేసి, ఫ్లష్ నొక్కి ట్యాంకు ఖాళీ చేయండి. పింగాణీ మూత అయితే జాగ్రత్తగా ఎత్తి కింద గుడ్డ పరిచి పెట్టండి, జారితే అలాంటిది మళ్ళీ దొరకదు. యాంగిల్ కాక్ నుంచి ట్యాంకుకు వెళ్ళే సన్నటి కనెక్షన్ పైపును ట్యాంకు వైపు విప్పండి. కింద మగ్గు పెట్టుకోండి, పైపులో మిగిలిన నీళ్ళు కారతాయి. ఇప్పుడు అసలు పరీక్ష. విప్పిన పైపు కొసను బకెట్లో పెట్టి యాంగిల్ కాక్ ఒక్క క్షణం తెరవండి. నీళ్ళు జోరుగా వచ్చాయా, తప్పు వాల్వుది. సన్నగా దారంలా వచ్చాయా, వాల్వును ఎన్నిసార్లు మార్చినా డబ్బు దండగ. తప్పు పైపులోనో, యాంగిల్ కాక్‌లోనో, మిద్దె మీది ట్యాంకులోనో ఉంది. ప్లంబరు చేయాల్సిన మొదటి పని ఈ పరీక్షే. మీరు చేసేసి పిలిస్తే అతను సెట్టంతా మార్చాలని అనలేడు.

తప్పు వాల్వుదని తేలితే, పైపు తగిలించే చోట లోపల ఉన్న జాలీని సూదితోనో పిన్నీసుతోనో మెల్లగా బయటికి తీయండి. మా ఇంట్లో తీస్తే చిటికెడు ఇసుక రాలింది. వాల్వు పైమూత తిప్పితే రబ్బరు బిళ్ళ వస్తుంది. అన్నిటినీ వెనిగర్‌లోనో, వేడినీళ్ళలో నిమ్మ ఉప్పు కలిపో ఒక గంట నానబెట్టి పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి, సున్నం పెళుసై రాలిపోతుంది. టాయిలెట్ కడిగే యాసిడ్ మాత్రం ఈ పనికి వాడొద్దు, అది రబ్బరునూ లోహపు భాగాలనూ తినేస్తుంది. ఆ యాసిడ్‌ను బ్లీచింగ్ పౌడర్‌తో కలిపితే విషవాయువు వస్తుంది, మూసిన గదిలో ప్రాణం మీదికొస్తుంది. ఇది ట్యాంకు సంగతే కాదు, రోజూ కడిగేటప్పుడూ గుర్తుండాలి. తిరిగి బిగించేటప్పుడు ప్లాస్టిక్ నట్టు చేత్తో బిగించి, ఆపైన స్పానర్‌తో ఇంకొక్క పావు తిప్పు చాలు. బలమంతా చూపిస్తే నట్టు చిట్లుతుంది, లేదా పింగాణీయే పగులుతుంది. యాంగిల్ కాక్ ఏళ్ళ తరబడి తిప్పక బిగుసుకుపోయి ఉంటే దానితో కుస్తీ పట్టకండి. గోడలో విరిగితే ఇల్లంతా నీళ్ళు. అక్కడ మనిషిని పిలవడమే తెలివి.

రబ్బరు బిళ్ళ గట్టిపడి పగిలి ఉంటే బిళ్ళ ఒక్కటే మార్చుకోవచ్చు. వాల్వు ప్లాస్టిక్కే విరిగినా, శుభ్రం చేసిన నెలకే మళ్ళీ మొరాయించినా అప్పుడు వాల్వు మార్చండి. ట్యాంకంతా మార్చే అవసరం మాత్రం చాలా అరుదుగా వస్తుంది.

కుప్పంలో మా ఆడపడుచు ఇంట్లో ఇంకో చిక్కు. మేడ మీద కొత్తగా గది వేశారు. కింది ట్యాంకు చక్కగా నిండుతుంది, పైది నిండదు. ఆరు నెలల్లో రెండు కొత్త వాల్వులు వేశారు, రెండూ అంతే. అసలు సంగతేమిటంటే మిద్దె మీది నల్లటి నీళ్ళ ట్యాంకు ఆ గది నెత్తిన ఉంది. కిందికి పదిహేను పదహారు అడుగుల ఎత్తు నుంచి నీళ్ళు దిగుతాయి, పైగదికి నాలుగైదు అడుగులే. ఎత్తు ఎంతో ఒత్తిడి అంత. షాపుల్లో దొరికే వాల్వుల్లో కొన్ని ఎక్కువ ఒత్తిడికి, సన్న రంధ్రంతో చేసినవి. ఇలాంటి చోట తక్కువ ఒత్తిడికి చేసిన పెద్ద రంధ్రం వాల్వు అడిగి తీసుకోవాలి, లేదంటే మీది ట్యాంకును దిమ్మె కట్టి ఎత్తాలి. ఇల్లు కట్టేటప్పుడే ఆడవాళ్ళను ఒక్క మాట అడిగి ఉంటే దిమ్మె అప్పుడే కట్టేవాళ్ళు. మా ఆడపడుచును అడిగింది టైల్స్ రంగు గురించి.

ఇంకో మోసం కూడా ఉంది. నీళ్ళు వస్తున్నంత మేరా కింద కారిపోతుంటే ట్యాంకు నిండనట్టే కనిపిస్తుంది. రాత్రి పడుకోబోయే ముందు ట్యాంకులో కొంచెం నీలిమందు కలిపి, ఎవరూ ఫ్లష్ నొక్కకుండా అరగంట ఆగి చూడండి. కింద బేసిన్‌లో నీలం కనిపిస్తే కారుతున్నట్టే. అప్పుడు చూడాల్సింది నీళ్ళు వచ్చే వాల్వు కాదు, అడుగున నీళ్ళు వదిలే వాషరు. వేసవిలో నీళ్ళ ట్యాంకరుకు డబ్బులు పోసే ఊళ్ళల్లో రాత్రంతా ఇలా కారిపోనివ్వడం ఎంత అన్యాయం!

"ఇంటెడు చాకిరీ చాలక ఇది కూడా మన నెత్తినేనా?" అని నా స్నేహితురాలు నిలదీసింది. న్యాయమైన ప్రశ్నే. అబ్బాయికీ నేర్పండి, ఆయనకీ చూపించండి, ఎవరు చేసినా నాకు అభ్యంతరం లేదు. నా కొడుకు తొమ్మిదో తరగతి, ఈసారి జాలీ కడిగింది వాడే. నేననేది వేరు. తెలియడం ఒకటి, చేయడం ఒకటి. తెలియకపోతే ఆ ఆదివారం మనిషి కోసం ఎదురుచూడాలి, అతను చెప్పినదానికి తలూపాలి, ఆయనగారికి తీరిక దొరికేదాకా బకెట్లు మోయాలి. ఆ మోత ఇప్పటికే మన నెత్తిన ఉంది కదా. ఉత్తరప్రదేశ్‌లోని బాందా జిల్లాలో 1990ల మొదట్లో మహిళా సమాఖ్య కార్యక్రమం కింద పల్లెటూరి ఆడవాళ్ళు, చాలామంది చదువు రానివాళ్ళు, చేతి పంపులు విప్పి బాగుచేయడం నేర్చుకున్నారు. పంపు పాడైతే మైళ్ళు నడిచేది వాళ్ళే కాబట్టి నేర్చుకున్నారు. వాళ్ళు ఇనుప గొట్టాలు పైకి లాగారు. మనం ఎత్తాల్సింది ఒక మూత.

ఇదంతా చిన్న విషయం అనేవాళ్ళకు ఇంకొక్కటి చెప్పాలి. మా అమ్మ కాపురానికి వచ్చేనాటికి ఆ వీధిలో ఉన్నవి పాకీదొడ్లు. ఎవరో ఒక తల్లి తట్ట నెత్తిన పెట్టుకుని వచ్చి ఎత్తిపోసేది. ఆ పని నిషేధిస్తూ 1993లో ఒక చట్టం, అది చాలక 2013లో ఇంకా గట్టి చట్టం వచ్చాయి. మనిషి చేయి పడకుండా ఆ గది శుభ్రంగా ఉండాలంటే ట్యాంకులోంచి నీళ్ళు ఒక్క ఊపున రావాలి. సగం నిండిన ట్యాంకు నొక్కితే మిగిలిపోయినదాన్ని బ్రష్ పెట్టి రుద్దేది ఇల్లాలో, పనిమనిషో.

పుంగనూరులో అమ్మ ఇంటి వాల్వు మాత్రం కడిగితే బాగుపడే స్థితి దాటిపోయింది, మార్చేశాం. కొన్ని వందల రూపాయల్లో అయిపోయింది. ఇప్పుడు రెండు నిమిషాల్లో నిండుతోంది. రాత్రి మంచం పక్కన చెంబు పెట్టుకుంటోంది.

మీరు షాపుకు వెళ్ళేటప్పుడు విప్పిన పాత వాల్వును సంచిలో వేసుకుని వెళ్ళండి. పొడవు, అడుగున మర సైజు సరిపోవాలి. నీళ్ళు పక్క నుంచి వస్తాయో కింద నుంచి వస్తాయో చెప్పాలి. మీ గది మేడ మీదో కిందో, మీది ట్యాంకు ఎంత ఎత్తులో ఉందో కూడా చెప్పండి. ఐఎస్‌ఐ గుర్తు ఉందేమో చూడండి. కౌంటర్లో అతను "సార్‌ను పంపించండమ్మా, ఆయనకైతే తెలుస్తుంది" అంటాడు. పాతది తీసి బల్ల మీద పెట్టి, ఇదే సైజులో తక్కువ ఒత్తిడిది చూపించమనండి.