బండికి లెక్క గడతరు.. బందైన దినాలకు ఎవరు గడతరు?

మా వాడకట్టుల ఒక తమ్ముడున్నడు. డిగ్రీ నడుమల ఇడిసిపెట్టి ఫైనాన్సుల ట్రాలీ తీసుకున్నడు. రాత్రి ఒంటిమామిడి దిక్కు కూరగాయలు లోడు చేసుకునుడు, రాజీవ్ రహదారి పట్టుకొని బోయిన్‌పల్లి మార్కెట్ల దించుడు, పొద్దుగాల ఇంటికొచ్చి పండుడు. గిదే ఆయన బతుకు.

ఎండకాలంల ఒకనాటి రాత్రి స్పీడు బ్రేకర్ కాడ బండి స్లో చేసిండు. ఎనుకకెల్లి కంకర టిప్పర్ వచ్చి గుద్దింది. డాలా లోపలికి పోయింది. చాసిస్ వంగింది. టమాటలన్ని రోడ్డు పాలైనయి. పిలగానికి మాత్రం ఒక్క దెబ్బ తాకలే. చూసినోళ్లందరు “బతికినవు బిడ్డా, గంతే చాలు” అన్నరు. ఆయన కష్టం మాత్రం గాడికెల్లే షురూ అయింది.

టిప్పర్ ఓనరు మండలంల నలుగురు ఎరిగిన మనిషి. పొద్దు పొడవంగనే స్టేషన్ కాడ పెద్దమనుషులు జమైన్రు. “మనిషికి ఏం కాలే కదా, కేసెందుకు? తిరిగి తిరిగి చెప్పులరుగుతయి. పదిహేను వేలిస్తడు, రాజీ కాయిదం మీద సంతకం పెట్టు” అన్నరు. పిలగాడు పెట్టిండు. ఆ తర్వాత షెడ్డుకు తీస్కపోతే మెకానిక్ చెప్పిన లెక్క లక్షా ముప్పై ఐదు వేలు. బండి నలభై రెండు దినాలు షెడ్డులనే ఉన్నది. ఫైనాన్సోళ్లు మాత్రం ఒక్క దినం గూడ ఆగలే. వాళ్లమ్మ పుస్తెలతాడు కుదువ పెట్టి కిస్తీలు గట్టింది.

ఇది ఒక్క పిలగాని ముచ్చట కాదు. పల్లెలల్ల కొలువుల్లేక ట్రాలీలు, బొలెరోలు, డీసీఎంలు తీసుకున్న పోరగాండ్లు ఎందరో ఉన్నరు. వాళ్లకు బండంటే షోకు కాదు, కూలి. గుద్దినోడు ఒకడు, మునిగేది ఇంకొకడు. ఇట్ల ఎందుకైతున్నదో ఇయ్యాల లెక్కలు తీద్దాం.

“వాని ఇన్సూరెన్సోళ్లే ఇస్తరు” అనేది సగం నిజమే

తప్పు టిప్పరోనిది. టిప్పర్‌కు ఇన్సూరెన్స్ ఉన్నది. గట్లయితే ఆ కంపెనీయే మనకు పైసలియ్యాలె కదా? కాయిదం మీద అవును. 1988 మోటారు వాహనాల చట్టం 146వ సెక్షన్ ప్రకారం ప్రతి బండికి థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ఉండాల్సిందే. గుద్దిచ్చుకున్న మనమే ఆ థర్డ్ పార్టీ. మన పానానికే కాదు, మన ఆస్తికి నష్టమైతే గూడ ఆ పాలసీ వర్తిస్తది. మన ట్రాలీ ఆస్తి కిందికే వస్తది.

కాని ఆ కంపెనీ మనకు ఫోన్ చేసి పైసలియ్యది. మామూలుగ మోటారు ప్రమాదాల క్లెయిమ్స్ ట్రిబ్యునల్‌కు పోవాలె. ట్రిబ్యునల్ అంటే ఏదో పెద్ద పట్నంల ఉండేది కాదు, మన జిల్లా కోర్టులనే ఉంటది. ప్రమాదమైన జాగల ఏసుకోవచ్చు, మనముండే జాగల గూడ ఏసుకోవచ్చు. 166వ సెక్షన్ గా హక్కిచ్చింది.

ఎంతదాక ఇస్తరంటే, పాత చట్టంల ఆస్తి నష్టానికి ఇన్సూరెన్స్ తప్పనిసరిగ భరించాల్సిన హద్దు 6,000 రూపాయలు. ఒక హెడ్‌లైట్ గూడ రాదు! 2019ల చేసిన సవరణ 2022 ఏప్రిల్ 1 నుంచి అమలైంది, అప్పుడు ఆ అంకె చట్టంల నుంచి పోయింది. కమర్షియల్ బండ్ల పాలసీలల్ల మామూలుగ ఆస్తి నష్టానికి 7.5 లక్షల దాక కవరుంటది. కొందరు ఓనర్లు ప్రీమియంల కొంచెం మిగులుతదని దాన్ని మళ్ల 6,000కే తగ్గిచ్చుకుంటరు. గట్లైతే మిగిలింది ఓనర్ నుంచే వసూలు చెయ్యాలె.

అదే సవరణ ఒక చేత్తోటి ఇచ్చి ఇంకో చేత్తోటి గుంజుకున్నది. ప్రమాదమైన ఆరు నెలలల్లనే పిటిషన్ ఏయాలని గడువు పెట్టింది. ఈ గడువు మీద సుప్రీంకోర్టు దాకా కొట్లాట నడిచింది. మనం మాత్రం ఆరు నెలలు దాటనియ్యొద్దు. షెడ్డు చుట్టూ, ఫైనాన్స్ ఆఫీసు చుట్టూ తిరిగెటోనికి ఆరు నెలలు ఆరు దినాల లెక్క పోతయి.

రాజీ కాయిదం ఎవలకు లాభం?

ట్రిబ్యునల్‌కు పోవాలంటే మొదలు కావాల్సింది పోలీసు కాయిదం. రాజీ అంటే ఆ కాయిదం పుట్టకుంట చేసుడే. “ఇంకేం అడగను” అని సంతకం పెట్టినంక రేపు కోర్టుకు పోతే, అవతలి వకీలు సంచిలకెల్లి మొదలు తీసేది గదే కాయిదం.

మనిషికి దెబ్బ తాకలేదంటే కేసే కాదనేది తప్పు మాట. రోడ్డు మీద ఇష్టమొచ్చినట్టు బండి నడిపి మంది పానాలకు ముప్పు తెచ్చుడు భారతీయ న్యాయ సంహిత 281వ సెక్షన్ కింద నేరం. పోలీసులు ఎఫ్ఐఆర్ రాయొచ్చు. దాని కాపీ ఫిర్యాదు చేసినోనికి పుణ్యానికి ఇయ్యాలె. స్టేషన్ల తీసుకోకపోతే జిల్లా ఎస్పీకి పోస్టుల పంపుకోవచ్చు. గుద్దిన బండి వివరాలు, దాని ఇన్సూరెన్స్ వివరాలు అడిగితే స్టేషన్ అధికారి గాని ఆర్టీవో ఆఫీసు గాని ఇయ్యాలని మోటారు చట్టం 160వ సెక్షన్ల ఉన్నది.

2022 రూల్స్ ప్రకారం పోలీసులు ప్రమాదం గురించి 48 గంటలల్ల ట్రిబ్యునల్‌కు మొదటి రిపోర్టు, 50 దినాలల్ల నడిమి రిపోర్టు, 90 దినాలల్ల పూర్తి రిపోర్టు పంపాలె. మనుషులు సచ్చిన కేసులల్ల, కాళ్లు చేతులు ఇరిగిన కేసులల్ల గీ పద్ధతి ఎంతో కొంత నడుస్తది. ఒట్టి బండి కరాబైతే మాత్రం పెద్దమనుషుల పంచాయితీనే ఫస్ట్ రిపోర్టు, అదే లాస్ట్ రిపోర్టు.

ఇగ గుద్దినోడు నంబరు దొరకకుంట పారిపోతే? హిట్ అండ్ రన్ పథకంల సచ్చిపోయినోళ్ల ఇంటికి 2 లక్షలు, పెద్ద దెబ్బలు తాకినోళ్లకు 50 వేలు ఉన్నయి. బండికి సున్న.

“ఫుల్ ఇన్సూరెన్స్” ఎంత ఫుల్లు?

మన తమ్మునికి సొంతంగ ఫుల్ ఇన్సూరెన్స్ ఉన్నది. రాజీ పైసలు సాలకపోతే దాని మీద క్లెయిమ్ ఏసిండు. ఆడ ఏమైందో ఇనుండ్రి.

బండి నాలుగేండ్లు దాటింది. నాలుగు నుంచి ఐదేండ్ల బండైతే ఇనుప పార్టుల మీద 35 శాతం తరుగు తీస్తరు. ప్లాస్టిక్కు, రబ్బరు పార్టుల మీద సగం. ఆయన బిల్లుల ఇనుప పార్టులు 70 వేలు, దాంట్ల 24,500 కోసిన్రు. ప్లాస్టిక్కు, రబ్బరు 10 వేలు, దాంట్ల 5 వేలు కోసిన్రు. ఎనుక లైట్లు, బంపరు, మడ్‌గార్డు, పెయింటు కలిపి 15 వేలు, దాంట్ల ఒక్క రూపాయి ఇయ్యలే. ఎందుకంటే కమర్షియల్ బండ్ల మామూలు పాలసీల బండి పూర్తిగ పోతే తప్ప వీటికి కవరుండది. ఐఎంటీ 23 అనే షరతు పైసలు కట్టి కలుపుకోవాలె. పాలసీ చేసిన ఏజెంటు ఆ ముచ్చటే చెప్పలే. లేబరు 40 వేలు పూరాగ ఇచ్చిన్రు. అన్ని పోను చేతికొచ్చింది 90 వేల లోపట.

ఇప్పుడు అసలు లెక్క. ఖర్చు లక్షా 35 వేలు. ఇన్సూరెన్స్ 90, రాజీ 15. ఇనుము మీద నష్టం 30 వేలు. డీజిల్, కిరాయి, హమాలీ అన్ని తీసేస్తే ఆయనకు దినానికి 1,500 మిగిలేవి. 42 దినాలకు 63 వేలు. అంటే ఇరిగిన ఇనుము కంటే ఆగిన కూలి నష్టం రెండింతలు. ఆ 63 వేల గురించి సర్వేయర్ అడగలే, పెద్దమనుషులు అడగలే, పాలసీల అది లేనే లేదు. బండి ఆగుడుతోటి పోయిన ఆదాయం మా బాధ్యత కాదని మామూలు పాలసీలల్ల సాఫ్‌సీదా రాసి ఉంటది.

ఎద్దు కాలిరిగితే రైతుకు ఎద్దొక్కటే పోతదా? ఆ కార్తె దుక్కి గూడ పోతది. గింత చిన్న ముచ్చట ఊర్ల ముసలమ్మకు సుత తెలుసు. మన ఇన్సూరెన్స్ లెక్కలకు తెల్వది.

దొంగ క్లెయిములు లేవా?

ఉన్నయి. కాదనం. “దినానికి ఇంత సంపాదిస్తున్న అని ఎవడైనా చెప్తడు, ఎట్ల నమ్మాలె” అని కంపెనీలు అంటయి. ఆ మాటల కొంత నిజమున్నది. కాని గా కాలం పోయింది. ఇప్పుడు టోల్ కాడ ఫాస్టాగ్ లెక్క ఉంటది. మార్కెట్ గేటు చిట్టీ ఉంటది. కిరాయి పైసలు ఫోన్ల పడతయి. షెడ్డుల బండి ఎన్నడు దిగింది, ఎన్నడు బయటికొచ్చిందన్నది జాబ్ కార్డు మీద ఉంటది. కిస్తీ కట్టకపోతే మొదటి దినమే పసిగట్టే కంప్యూటర్లకు, బండి ఎన్ని దినాలు ఆగిందో తెల్వదంటే ఎవలు నమ్ముతరు?

మరి చేసేదేం లేదా? ఉన్నది. సొంత ఇన్సూరెన్స్ ఇచ్చింది పోను మిగిలిన నష్టం, ఆగిన దినాల ఆదాయం, గుద్దిన బండి ఓనర్ మీద, దాని కంపెనీ మీద ట్రిబ్యునల్ల అడగొచ్చు. ఒక్క పైసకు రెండుసార్లు అడిగే హక్కు మాత్రం లేదు. ఆదాయం ఇచ్చేది ఇయ్యనిది జడ్జి చేతుల ఉంటది. కాయిదాలు లేకపోతే ఆయన గూడ ఏం చెయ్యలేడు.

తమ్మీ, గుద్దుకున్న దినమే చెయ్యాల్సినయి

బండి జరపకముందే రెండు నంబర్ ప్లేట్లు కనపడేటట్టు ఫోటోలు, వీడియో తియ్యి. 100కు గాని 112కు గాని కొట్టు, ఆ కాల్ రికార్డే నీకు మొదటి సాక్ష్యం. ఎం పరివాహన్ యాప్ల అవతలి బండి నంబరు కొట్టి ఇన్సూరెన్స్ నడుస్తున్నదో లేదో చూడు. నీ కంపెనీకి అదే దినం ఖబర్ చెయ్యి. సర్వేయర్ చూడకముందే పార్టులు ఇప్పియ్యకు.

ఐఆర్‌డీఏఐ రూల్స్ ప్రకారం 24 గంటలల్ల సర్వేయర్‌ను పెట్టాలె, 15 దినాలల్ల రిపోర్టు రావాలె, దాని మీద 7 దినాలల్ల కంపెనీ తేల్చాలె. తేల్చకపోతే బీమా భరోసా నంబరు 155255 ఉన్నది. ఆ తర్వాత ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ ఉన్నడు, ఆడ ఫీజు లేదు. అంబుడ్స్‌మన్ సొంత పాలసీ పంచాయితీలకే, గుద్దినోని కంపెనీ మీద మాత్రం ట్రిబ్యునలే తొవ్వ.

“నీది కారు లైసెన్సు, ట్రాలీకి చెల్లది” అని ఎవలన్న బెదిరిస్తే భయపడకు. 7,500 కిలోల లోపు రవాణా బండి ఎల్‌ఎంవీ లైసెన్సు మీద నడపొచ్చని 2024 నవంబర్ల సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జీల బెంచీ తేల్చి చెప్పింది. కాని ఫిట్‌నెస్, పర్మిట్ తప్పిపోనియ్యకు. డాలాల మనుషులను ఎక్కియ్యకు. క్లెయిమ్ కొట్టేయనీకి కంపెనీలు మొదలు దేవులాడేది గవే.

వకీలు ఫీజుకు పైసల్లేవని ఆగకు. ఎస్సీ, ఎస్టీలకు, ఆడోళ్లకు, తక్కువ ఆదాయం ఉన్నోళ్లకు న్యాయ సేవాధికార సంస్థ పుణ్యానికి వకీలును పెడతది. నంబరు 15100.

మనం అడగాల్సింది

ఇదంతా ఒక్కొక్కడు ఒంటిగ చేసే పని కాదు. అడ్డాకు పది బండ్లుంటయి. పది మంది ఒక్కటైతే స్టేషన్ కాడ గొంతుకు బలమొస్తది. మూడు మాటలు గట్టిగ అడుగుదాం. మనిషికి దెబ్బ తాకకున్నా, బండి కరాబైతే పోలీసులు కేసు కాయిదం ఇయ్యాలె. పాలసీ అమ్మేటప్పుడే ఏది వస్తదో ఏది రాదో తెలుగుల రాసి సంతకం తీసుకోవాలె. బండి మీదనే బతికెటోనికి ఆగిన దినాలకు దినానికి ఇంత అని, బండి రకాన్ని బట్టి ఒక రేటు కట్టాలె. ఇన్సూరెన్స్ కంపెనీల మీద పెత్తనం చేసే ఐఆర్‌డీఏఐ ఆఫీసు ఎక్కడో ఢిల్లీల లేదు, మన హైదరాబాదులనే ఉన్నది. రాత్రిపూట బోయిన్‌పల్లి దాకా పోయెటోళ్లకు పగటీలి గాడికి పోవుడు దూరమేం కాదు.

మా తమ్ముడు మళ్ల రోడ్డెక్కిండు. పుస్తెలతాడు ఇంకా ఇంటికి రాలే. “అన్నా, ఆనాడు స్టేషన్ల సంతకం పెట్టకపోతే ఏమైతుండె?” అని మొన్న అడిగిండు. ఏమైతుండెనో నాకు తెల్వదు గని, ఆ పెన్ను చేతికిచ్చినప్పుడు “ఒక్క దినం ఆగు” అని పక్కన చెప్పెటోడు ఒక్కడు లేకుండె. అడ్డా మీద గా ఒక్కనివి నువ్వు కావాలె తమ్మీ.