పొట్టిక్కకి బ్రాంచీలా?

పిల్లలు అడిగితే అమలాపురంలో పిజ్జాకి నేనూ వెళ్తాను, బిల్లూ కడతాను. కానీ నా ఫాస్ట్‌ఫుడ్డు మాత్రం అంబాజీపేట పొట్టిక్కే. ‘ఆఁ, ఇడ్లీయేగా!’ అనేవాళ్లతో నాకు చిన్నప్పటి నుంచీ పేచీ. నాలుగు పనసాకుల్ని ఈనెపుల్లలతో బుట్టలా కుట్టి, అందులో ఇడ్లీ పిండి పోసి ఆవిరికి పెడతారు. ఆకు వాసన పిండిలోకి దిగుతుంది. స్టీలు రేకుల్లో ఆ వాసనేదీ? ఆకు ఊడదీస్తే దాని ఈనెల గీతలు పొట్టిక్క ఒంటిమీద అచ్చుపడి ఉంటాయి. పక్కన బొంబాయి చట్నీ, కొబ్బరి చట్నీ (కొబ్బరి మార్కెట్టున్న ఊళ్లో కొబ్బరికి పిసినారితనమేమిటి!). మంగళూరు వైపూ పనసాకుల్లోనే కొట్టె కడుబు వండుతారు. మాదే ముందని వాళ్లంటే వాదించను, పెడితే తింటాను. పొట్టిక్కని బ్రాండు చేసి ఊరూరా బ్రాంచీలు పెట్టాలని ఈమధ్య ఓ మిత్రుడు ఉబలాటపడ్డాడు. పెట్టు, కానీ బుట్టలు కుట్టే చేతులకి ఎంతిస్తావో ముందు చెప్పమన్నాను. పిండి గ్రైండరు రుబ్బుతుంది. ఆకు మాత్రం ఒక్కొక్కటీ చేత్తో కుట్టాల్సిందే. ప్లేటు ధరలో ఆ కూలి వాటా ఎంతని హోటల్లో ఎవరమూ అడగం. ఇన్నేళ్లలో నేనూ అడగలేదు, రెండో ప్లేటు చెప్పడం తప్ప.